శ్రావణమాసం తాంబూలం కవర్లు, రాఖీ కార్డులు: మన విశాఖ తేమలో ఏ ఇంకు నిలుస్తుంది?

సంపెంగ | ఎంవీపీ కాలనీ

అందరికీ నమస్కారం. ఈసారి వరలక్ష్మీ వ్రతానికి పేరంటాళ్లకు ఇచ్చే తాంబూలం కవర్ల మీద నా చేత్తో ముద్రలు వేసి ఇవ్వాలని ఉంది. అవే ముద్రలతో అన్నయ్యకీ తమ్ముడికీ రాఖీ కార్డులు కూడా చేయాలి. మామిడి పిందె, కలశం, సంపెంగ పువ్వు రబ్బరు స్టాంపులు దగ్గర ఉన్నాయి. ఇబ్బందంతా ఇంకుతోనే. ఆఫీసుల్లో వాడే ఊదా రంగు ప్యాడ్‌తో మెరిసే తెల్ల కార్డు మీద వేస్తే, రాత్రి వేసిన ముద్ర తెల్లారినా వేలికి అంటుతోంది. బ్రౌన్ పేపరు కవరు మీద చక్కగా ఆరిపోతోంది గానీ, నానబెట్టిన శనగల తడి తగిలితే చాలు, రంగంతా పాకుతోంది. బయట వానలు, పైగా సముద్రపు గాలి. డబ్బా మూత తీసి పెడితే అప్పడాలు కూడా మెత్తబడిపోయే రోజులివి.

ఏ కాగితం తీసుకోవాలి, ఏ ఇంకు వాడాలి? దయచేసి ఇక్కడి వాతావరణంలో చేసి చూసినవాళ్లు చెప్పండి. చలిదేశాల వాళ్ల వీడియోలు చాలా చూశాను, వాళ్లకి ఐదు నిమిషాల్లో ఆరేది మనకి ఆరడం లేదు.

చిత్తుకాగితం | డాబాగార్డెన్స్

సంపెంగ గారూ, ఇంకు సంగతి తర్వాత, ముందు కార్డు సంగతి చూద్దాం. మెరుస్తోంది అంటున్నారంటే అది ఆర్ట్ కార్డు అయి ఉంటుంది. దాని మీద సన్నటి సుద్ద పూత ఉంటుంది. ఆ పూత నీటి ఇంకును లోపలికి పోనివ్వదు. ప్రెస్సులో మేం వాడే ఆఫ్‌సెట్ ఇంకు నూనెతో చేసింది, అది గాలి తగిలి గట్టిపడుతుంది కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు. స్టాంపు ప్యాడ్ ఇంకు అలా కాదు. నీళ్లు, రంగు, గ్లిజరిన్ కలిపి చేస్తారు. ప్యాడ్ ఎండిపోకూడదని గ్లిజరిన్ వేస్తారు, దానికేమో గాలిలో తేమను లాక్కునే గుణం ఉంది. కింద కాగితం పీల్చదు, పైన గాలి ఆరనివ్వదు. ఇంక ముద్ర ఆరేదెప్పుడు?

షాపులోనే ఒక పరీక్ష చేసుకోవచ్చు. కాగితం మూల మీద తడి వేలితో ఒక చుక్క పెట్టండి. చుక్క పైనే నిలబడి మెరుస్తుంటే పూత ఉన్నట్టు. కాసేపటికి చుక్క కింద కాగితం ముదురు రంగుకి తిరిగి, వేలితో తాకితే కొద్దిగా ఉబ్బినట్టు తగిలితే అది పీల్చే కాగితం. మీకు కావలసింది అదే. కార్డుకి 250 నుంచి 300 జీఎస్ఎమ్ (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములుంటుందో ఆ లెక్క) చాలు. డ్రాయింగ్ కోసం అమ్మే మందపాటి కార్ట్రిడ్జ్ పేపరు బాగా పని చేస్తుంది. హ్యాండ్‌మేడ్ పేపరు చూడ్డానికి అందంగా ఉంటుంది, అయితే గరుకు ఎక్కువ, సన్నటి గీతలున్న స్టాంపు దాని మీద సరిగ్గా పడదు. మీ సంపెంగ పువ్వు రేకుల్లో ఈనెలు ఉంటే నునుపు కాగితమే తీసుకోండి.

ఇంకో మాట. ప్రెస్సుల్లో కటింగ్ అయ్యాక మంచి కార్డు ముక్కలు మిగులుతాయి. అడిగితే తూకానికి ఇస్తారు. ట్యాగులకీ, చిన్న కార్డులకీ అవి చాలా బాగుంటాయి.

మువ్వ | సీతమ్మధార

చిత్తుకాగితం గారు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. నేను ఇంకుల గురించి చెప్తాను.

హాబీ షాపుల్లో, ఆన్‌లైన్‌లో దొరికే ప్యాడ్‌లు ముఖ్యంగా మూడు రకాలు. డై ఇంకు కాగితంలోకి ఇంకిపోతుంది, తొందరగా ఆరుతుంది, కానీ ఎండలో పెడితే రంగు వెలిసిపోతుంది, చాలావరకు తడికి పాకుతుంది. పిగ్మెంట్ ఇంకులో రంగు పొడి రేణువులుగా ఉండి కాగితం మీదే కూర్చుంటుంది. రంగు చిక్కగా వస్తుంది, ఏళ్ల తరబడి వెలవదు, కానీ ఆరడానికి చాలా టైం తీసుకుంటుంది. మూడోది సాల్వెంట్ ఇంకు, స్టేజ్ఆన్ లాంటి బ్రాండ్లవి. గాజు, ప్లాస్టిక్, రేకు, మెరిసే కార్డు, దేని మీదైనా నిమిషాల్లో ఆరుతుంది, తడికి చెదరదు.

సంపెంగ అక్కా, మీ దగ్గర ఉన్నవి రబ్బరు స్టాంపులు కాబట్టి సాల్వెంట్ ఇంకు వాడొచ్చు. పారదర్శకంగా ఉండే పాలిమర్ స్టాంపులకి మాత్రం అది పడదు. సాల్వెంట్‌కీ, దాన్ని తుడిచే క్లీనర్‌కీ ఆ పాలిమర్ మసకబారుతుంది, కొన్నాళ్లకి పగుళ్లు కూడా వస్తాయి. ఎండ తగిలినా అవి పసుపు పచ్చగా మారతాయి. కిటికీ పక్కన పెట్టుకునేవాళ్లు గమనించండి.

మన వానాకాలానికి నాకు నచ్చిన పద్ధతి పిగ్మెంట్ ఇంకు మీద ఎంబాసింగ్ పౌడరు. ముద్ర తడిగా ఉండగానే పొడి చల్లి, మిగిలింది దులిపేసి, వేడి చేస్తే పొడి కరిగి ముద్ర మీద ఉబ్బెత్తుగా గట్టిపడుతుంది. ఆరడం గురించి టెన్షన్ అక్కర్లేదు, ఇంకు ఆలస్యంగా ఆరడమే ఇక్కడ మనకి కలిసొస్తుంది. తడి చేత్తో పట్టుకున్నా ముద్ర చెదరదు. బంగారు రంగు పొడితో కలశం వేసి చూడండి, తాంబూలం కవరు వెలిగిపోతుంది.

సంపెంగ | ఎంవీపీ కాలనీ

మువ్వ గారూ, వేడి చేయడానికి హెయిర్ డ్రయ్యర్ సరిపోతుందా? హీట్ గన్ నా దగ్గర లేదు. అలాగే పొడి ముద్ర పక్కన కూడా అంటుకోకుండా ఎలా చేస్తారు?

మువ్వ | సీతమ్మధార

హెయిర్ డ్రయ్యర్ వద్దక్కా. దాని వేడి చాలదు, గాలి ఎక్కువ. పొడి కరగక ముందే ఎగిరిపోతుంది. హీట్ గన్ లేకపోతే ఇస్త్రీపెట్టెతో అవుతుంది. కాటన్ వేడి మీద పెట్టి, అడుగు పైకి వచ్చేలా కదలకుండా నిలబెట్టి, కార్డు వెనక వైపుని పట్టకారుతో దానికి దగ్గరగా, తాకకుండా పట్టుకోండి. ముద్ర ఉన్న వైపు పైకి ఉండాలి. మొదట ఏమీ జరగనట్టు ఉంటుంది. తర్వాత ఒక చోట పొడి గరుకుదనం పోయి నున్నగా మెరుస్తుంది, ఆ మెరుపు ముద్ర అంతా పాకుతుంది. అప్పుడు తీసేయాలి. ఇంకా ఉంచితే కరిగిన పొడి కాగితంలోకి దిగిపోయి నూనె మరకలా కనిపిస్తుంది. పిల్లలు ఆ చుట్టుపక్కల లేకుండా చూసుకోండి.

పొడి పక్కన అంటుకోవడానికి కారణం కాగితం మీది తేమ, చేతి జిడ్డు. ముద్ర వేయకముందే పల్చటి గుడ్డలో కొంచెం మొక్కజొన్న పిండి మూట కట్టి కార్డు మీద అద్దండి. పొడి ముద్ర మీదే నిలుస్తుంది.

గాజువాక_కెరటం | గాజువాక

నేను స్టాంపులు కొనను, చెక్కుతాను. నా బాధ తెలుగు స్టాంపులు. ఇంగ్లీషులో శుభాకాంక్షల స్టాంపులు వందల రకాలు దొరుకుతాయి. తెలుగులో రెడీమేడ్‌గా దొరకడం కష్టం. విడి అక్షరాల సెట్టు కూడా తెలుగుకి కుదరదు. ఇంగ్లీషు అక్షరాలు ఒక వరసలో నిలబడతాయి, మన దాంట్లో గుడి పైన ఉంటుంది, వత్తు కింద ఉంటుంది. ‘శ్రీ’ ఒక్కటీ రాయాలంటేనే మూడు అంతస్తులు. అందుకని పదం మొత్తం ఒకే స్టాంపుగా చెక్కుకోవాలి.

మామూలు పెన్సిల్ రబ్బరు పెద్ద సైజుది చాలు. ట్రేసింగ్ పేపరు మీద మెత్తటి పెన్సిల్‌తో పదం రాసి, రాసిన వైపు రబ్బరు మీద బోర్లించి గోటితో రుద్దితే పదం తిరగబడి రబ్బరు మీద పడుతుంది. అలాగే చెక్కితే ముద్ర సరిగ్గా వస్తుంది, అద్దంలో చూసి తిరగరాసే పని లేదు. చెక్కేటప్పుడు బ్లేడు నిలువుగా దించకూడదు. అక్షరం నుంచి బయటికి వాలి ఉండాలి, అప్పుడు గీత అడుగున వెడల్పుగా నిలుస్తుంది, నొక్కినప్పుడు విరగదు. ‘క్ష’, ‘ళ’ లోపలి ఖాళీలు ముందు తీసేయండి, బయట చుట్టూ తర్వాత. ముందే బయట తీసేస్తే లోపల చెక్కేటప్పుడు అక్షరం వణికిపోతుంది.

ఫాంటు లావుగా ఉండేది ఎంచుకోండి. ఉచితంగా దొరికే తెలుగు ఫాంట్లలో రామభద్ర నాకు బాగా కుదిరింది. గురజాడ, గిడుగు పేర్లతో కూడా ఫాంట్లు ఉన్నాయి, మన ఉత్తరాంధ్ర వాళ్ల పేర్లు కదా అని ముందు వాటినే దింపుకున్నాను.

సంపెంగ | ఎంవీపీ కాలనీ

తమ్ముడూ, ఇది ఎంత బాగా చెప్పావు! ‘శుభం’ అని చిన్నది చెక్కాలనిపిస్తోంది. చెక్కిన రబ్బరు ఎన్నాళ్లు ఉంటుంది?

గాజువాక_కెరటం | గాజువాక

జాగ్రత్తగా పెడితే ఏళ్లు ఉంటుందక్కా. ఒక్క విషయం మర్చిపోకండి. ప్లాస్టిక్ డబ్బాలో వేయకండి. ఈ రబ్బర్లు చాలావరకు పీవీసీవే, వాటిని మెత్తగా ఉంచడానికి కలిపే పదార్థం మెల్లగా బయటికి వచ్చి ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. స్కూల్లో రబ్బరు స్కేలుకి అంటుకుపోయేది గుర్తుందా, అదే ఇది. ఒక్కోదాన్ని కాగితంలో చుట్టి అగ్గిపెట్టెలో పెట్టండి. సాల్వెంట్ ఇంకు కూడా వీటి మీద వాడొద్దు.

‘శుభం’లో సున్నా చివర్న వస్తుంది, దాని చుట్టూ కొంచెం ఎక్కువ జాగా వదలండి.

పెదన_ఆడపడుచు | మధురవాడ

చెక్క అచ్చుల గురించి ఎవరూ మాట్లాడటం లేదేంటి? మాది కృష్ణా జిల్లా పెదన, మచిలీపట్నం పక్కనే. మా ఊళ్లో కలంకారీ బట్టకి వాడే అచ్చులు టేకు చెక్కతో చేస్తారు. గీతకి ఒక అచ్చు, లోపల నింపే ఒక్కో రంగుకి ఒక్కో అచ్చు. కొంచెం అరిగిన పాత అచ్చులు దొరికితే వదలకండి, కార్డుల మీద ఆ అరుగు కూడా అందంగానే ఉంటుంది.

అయితే రబ్బరు స్టాంపులా నొక్కితే చెక్క అచ్చు పడదు. రబ్బరు మెత్తన, చెక్క గట్టి. కాబట్టి మెత్తదనం కాగితం కింద ఉండాలి. బట్టకి అద్దేవాళ్లు బల్ల మీద మందంగా గుడ్డలు పరిచేది అందుకే. ఇంట్లో పాత దుప్పటి నాలుగు మడతలు పరిచి, దాని మీద కాగితం పెట్టి, అచ్చు ఉంచి వీపు మీద పిడికిలితో ఒకే ఒక్క దెబ్బ. రెండోసారి కదిలిస్తే గీత రెండుగా కనిపిస్తుంది.

రంగు కోసం ప్యాడ్ కొనక్కర్లేదు. పళ్లెంలో తడి స్పాంజి, దాని మీద నూలు గుడ్డ, దాని మీద ఫ్యాబ్రిక్ పెయింటు పల్చగా పరచండి. సంపెంగ గారూ, మీ తాంబూలం కవర్లకి నేనైతే ఇదే చెప్తాను. ఈ ఫ్యాబ్రిక్ పెయింటు ఆక్రిలిక్ రకం, ఆరాక నీళ్లకి కదలదు, శనగల తడికి భయం లేదు. గుడ్డ సంచులైతే ఇంకా మంచిది, ఆరాక వెనక నుంచి ఇస్త్రీ చేస్తే నిలిచిపోతుంది. పని అవ్వగానే అచ్చుని పాత టూత్‌బ్రష్‌తో కడిగేయండి. గాట్లలో పెయింటు ఎండితే ఇక రాదు.

తెరచాప | భీమిలి

సహజ రంగులు వాడాలని ఎవరికైనా ఉందా? మా వైపు ఎర్రమట్టి దిబ్బల మట్టి రంగు ఎంత బాగుంటుందో. కొంచెం తెచ్చి జిగురులో కలిపితే ఇంకులా వాడొచ్చు కదా అని ఆలోచిస్తున్నాను. పసుపుతో కూడా చేద్దామని ఉంది.

చిత్తుకాగితం | డాబాగార్డెన్స్

బాబూ, దిబ్బల మట్టి జోలికి వెళ్లకు. అది రక్షించాల్సిన జాతీయ భూవారసత్వ స్థలం, వేల ఏళ్లుగా గాలీ సముద్రమూ కలిసి పోసిన ఇసుక. ఒక్కొక్కరు గుప్పెడు తెచ్చుకున్నా అది తరిగిపోయేదే. ఆ రంగే కావాలంటే ముగ్గుల కోసం అమ్మే ఎర్రమట్టి కొనుక్కో, వడగట్టి తుమ్మ జిగురులో కలుపు, ఎంచక్కా పని చేస్తుంది.

పసుపు మాత్రం ఇంకుగా నిలవదు. ఎండ తగిలితే కొద్ది రోజుల్లోనే వెలిసిపోతుంది, సున్నమో సబ్బో తగిలితే ఎర్రబారుతుంది. శుభలేఖ నాలుగు మూలలా పెట్టే పసుపుకి ఆ లెక్క లేదు, అది మంగళం కోసం. పెట్టేటప్పుడు ఒక జాగ్రత్త, పొడి పసుపు అద్దండి. తడి పసుపు పక్కనున్న డై ఇంకు ముద్రని చెరిపేస్తుంది.

పెదన_ఆడపడుచు | మధురవాడ

తెరచాప గారూ, సహజ రంగు కావాలంటే నలుపు చేసి చూడండి. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి కొన్ని వారాలు పులియనిస్తారు. అది ఒంటరిగా నలుపు కాదు, మురికి నీళ్లలా ఉంటుంది. కరక్కాయ నీళ్లలో తడిపి ఆరబెట్టిన బట్ట మీద దాన్ని అద్దితే కళ్లముందే నల్లబడుతుంది. కరక్కాయలోని వగరు, ఇనుము కలిసి చేసే పని అది. కాగితం మీద కూడా నలుపు వస్తుంది, కానీ ఇనుము ఉన్న ఇంకు కాలం గడిచేకొద్దీ కాగితాన్ని తినేస్తుంది. దాచుకునే కార్డుకి వద్దు, గుడ్డ సంచులకి వాడండి.

వరాహతీరం | యలమంచిలి

కానుకల మాట వచ్చింది కాబట్టి. మా పక్కన ఏటికొప్పాక లక్క భరిణెలు అందరికీ తెలిసినవే. అంకుడు కర్ర, సహజ రంగులు, 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పేరంటాలకి కుంకుమ భరిణె ఇచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ భరిణె మూత మీద ఇంటి పేరో పువ్వో స్టాంపు వేస్తే ఎలా ఉంటుంది? మువ్వ గారు చెప్పిన సాల్వెంట్ ఇంకు పని చేస్తుందా?

మువ్వ | సీతమ్మధార

దయచేసి వేయకండి. లక్క ఆల్కహాల్‌లో కరుగుతుంది. సాల్వెంట్ ఇంకుల్లో చాలావాటిలో ఆల్కహాల్ ఉంటుంది, తప్పు పడిందని స్పిరిట్‌తో తుడిచారంటే మెరుపంతా పోతుంది. శానిటైజర్ చేతులతో పట్టుకున్నా మరక పడొచ్చు. ఆ కళాకారులు కర్రను తిప్పే లేత్ మీద అంత నునుపుగా తెచ్చిన రంగు మీద మన ముద్ర అవసరమా అని కూడా నాకు అనిపిస్తుంది. భరిణెకి నూలు దారంతో చిన్న కార్డు ట్యాగు కట్టి, ముద్ర ఆ ట్యాగు మీద వేయండి. భరిణె వాళ్ల ఇంట్లో ఉంటుంది, ట్యాగు ఏ పుస్తకంలోనో గుర్తుగా ఉంటుంది.

లాసన్స్_బే_టీచరమ్మ | లాసన్స్ బే కాలనీ

ఇంత మంచి చర్చలో పిల్లల్ని మర్చిపోవద్దు. మా క్లాసులో బెండకాయతో మొదలుపెడతాను. ముదురు బెండకాయ అడ్డంగా కోస్తే ఐదు రేకుల పువ్వు రెడీ. కోసిన వెంటనే అద్దితే జిగురు వల్ల రంగు అంటదు. కోసిన ముఖాన్ని పాత గుడ్డ మీద నొక్కి, కాసేపు గాలికి వదిలి, అప్పుడు పోస్టర్ కలరు అద్దిస్తాను. బంగాళాదుంప కూడా అంతే, నీరు తుడవకపోతే రంగు పల్చబడిపోతుంది.

బొమ్మలు మాత్రం మన ఊరివే చెక్కిస్తాను. డాల్ఫిన్స్ నోస్ కొండ మీద లైట్‌హౌస్, బీచ్‌లో కురుసురా జలాంతర్గామి, గుడ్లు పెట్టడానికి ఒడ్డుకి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేలు. తాబేలు పిల్లలకి చాలా ఇష్టం, గుండ్రంగా ఉంటుంది కాబట్టి చెక్కడం సులువు. సెప్టెంబర్ 5కి టీచర్లకి వాళ్లిచ్చే కార్డుల మీద ఇవే ఉంటాయి. మంచు, ఎర్ర పిట్టలు ఉన్న స్టాంపులు కొనిచ్చేకన్నా ఇది నాకు ముఖ్యమనిపిస్తుంది. పిల్లవాడు రోజూ చూసేదే పిల్లవాడి కార్డు మీద ఉండాలి.

సంపెంగ | ఎంవీపీ కాలనీ

అందరికీ చాలా చాలా థాంక్స్. నేను అనుకున్నది చెప్తాను, తప్పుంటే సరిదిద్దండి. తాంబూలం కవర్లకి బ్రౌన్ పేపరే ఉంచుతాను, పూర్ణా మార్కెట్ నుంచి తెచ్చుకుంటాను. ముద్ర ఫ్యాబ్రిక్ పెయింటుతో. శనగలు విడిగా బటర్ పేపరులో చుట్టి లోపల పెడతాను. రాఖీ కార్డులకి పూత లేని 300 జీఎస్ఎమ్ కాగితం, పిగ్మెంట్ ఇంకు, బంగారు పొడి. కార్డులు అన్నీ ఏ4 కాగితం నుంచే కోస్తే ఏ సైజు సుఖం? మడత దగ్గర కాగితం పగులుతోంది, దానికేం చేయాలి?

పెదన_ఆడపడుచు | మధురవాడ

శనగల విషయంలో మంచి నిర్ణయం తీసుకున్నారు. పెయింటు ఎంత గట్టిదైనా తినేవాటికి తగలకూడదు, ముద్ర కవరు బయటే ఉండాలి. రబ్బరు స్టాంపుకి పెయింటు చాలా పల్చగా పట్టించండి, చిక్కగా అయితే గీతల మధ్య నిండిపోతుంది. వేయగానే స్టాంపు కడిగేయండి.

చిత్తుకాగితం | డాబాగార్డెన్స్

ఏ4ని సగానికి కోస్తే రెండు ఏ5 ముక్కలు. ఒక్కో ముక్కని మడిస్తే 105 బై 148 మిల్లీమీటర్ల కార్డు. దానికి సీ6 కవరు, 114 బై 162, సరిగ్గా సరిపోతుంది.

పగలడానికి కారణం గ్రెయిన్. కాగితంలో నారలు ఒకే దిక్కుకి పరుచుకుని ఉంటాయి. ముక్కని మడవకుండా ముందు అటూ ఇటూ వంచి చూడండి, ఒక వైపు తేలిగ్గా వంగుతుంది, ఇంకోవైపు ఎదురు తిరుగుతుంది. తేలిగ్గా వంగే వైపుకే మడత రావాలి. ఇంకు అయిపోయిన బాల్ పెన్నుతో స్కేలు పెట్టి మడత గీత నొక్కి గీయండి, తర్వాత మడవండి. నొక్కిన గుంట బయటి వైపుకి రావాలి, లోపలికి కాదు. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు.

అతికించే పని ఉంటే నీళ్ల జిగురు పల్చటి కాగితానికి పెట్టకండి, ముడతలు పడుతుంది. ఈ తేమలో ఆ ముడత సాగదు. రెండు వైపులా అంటుకునే టేపు వాడండి. తయారైన కార్డులు మూత గట్టి డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి, బూజు రాదు.

లాసన్స్_బే_టీచరమ్మ | లాసన్స్ బే కాలనీ

సంపెంగ గారూ, మీ రాఖీ కార్డులు పోస్టులో పంపుతున్నారా? లక్క సీలు వేసిన కవరు పంపాలని మా అమ్మాయికి ఒకటే ముచ్చట, అది పోస్టులో నిలుస్తుందా అని కూడా ఎవరైనా చెప్పండి.

చిత్తుకాగితం | డాబాగార్డెన్స్

లక్క సీలు గట్టిగా ఉంటుంది గానీ పెళుసు. సంచుల్లో పడి వెళ్లే కవరు మీద పగిలిపోతుంది. మీ అమ్మాయి ముచ్చట తీరాలంటే సీలు వేసిన కవరుని ఇంకో పెద్ద కవరులో పెట్టి పంపమనండి, లేదా చేతికి ఇచ్చే కానుక మీద వేయమనండి.

బరువు లెక్క చెప్తాను. 300 జీఎస్ఎమ్ ఏ5 ముక్క సుమారు 9 గ్రాములు. కవరు నాలుగైదు గ్రాములు. పల్చటి దారం రాఖీ పెట్టినా 20 గ్రాముల లోపే, 5 రూపాయల స్టాంపుతో మామూలు ఉత్తరంగా వెళ్తుంది. రాళ్లూ పూసలూ ఉన్న రాఖీ అయితే బరువు దాటుతుంది, తూయించండి. ట్రాకింగ్ కావాలంటే ఇప్పుడు స్పీడ్ పోస్టే, 2025 సెప్టెంబర్ 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టు అందులో కలిసిపోయింది. రాఖీల సమయంలో పోస్టాఫీసుల్లో తడవని కవర్లు అమ్ముతారు, వానల్లో అవి వాడుకోండి. ఉబ్బెత్తు రాఖీ ఉంటే పోస్టు డబ్బాలో వేయకుండా కౌంటర్లో ఇచ్చి, పోస్టు ముద్ర చేత్తో వేయమని అడగండి.